గడియారస్తంభం ఎండ్ నుంచి

కనకవరం ఊరు మొత్తానికి బేస్‌బాల్ అంటే పిచ్చి ఉన్న మనిషి ఒక్కరే ఉండేవారు. ఆవిడ పేరు సువర్చల. ప్రభుత్వ బాలికల హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయిని. ఎప్పుడో ట్రైనింగ్ క్యాంపులో ఎవరో చేతికి ఒక తోలు గ్లవ్ తొడిగి, బంతి విసిరితే, అది చేతిలో పడ్డ చప్పుడు ఆవిడకు నచ్చింది. అంతే, ఆ చప్పుడు ఇక వదల్లేదు. తెల్లవారుజామున లేచి, కాఫీ గ్లాసు పక్కన ఫోన్ ఆనించి, ఎక్కడో అమెరికాలో జరిగే మ్యాచ్ చూస్తే తప్ప ఆవిడకు రోజు మొదలయ్యేది కాదు.

"ఒకడు విసురుతున్నాడు, ఒకడు కొట్టలేకపోతున్నాడు, ఇంకొకడు కూర్చుని ఉమ్ముతున్నాడు. ఇందులో ఆటెక్కడుందే?" అనేవాడు భర్త భాస్కరం. ఆయన కరెంటాఫీసులో గుమాస్తా, క్రికెట్ భక్తుడు.

"ఆటకి తొందరేంటండీ, అయినప్పుడే అవుతుంది," అనేది సువర్చల.

ఆ ఓపిక అంతా ఫోన్ కట్టేసి వ్యాను ఎక్కేదాకానే. సెలవుల్లో ఊరి అవతల మునిసిపల్ స్టేడియంలో ఆడపిల్లలకు బేస్‌బాల్ నేర్పేది. తన పాత వ్యానులో బంతులూ బ్యాట్లూ పిల్లల్నీ వేసుకుని గడియారస్తంభం సెంటర్ దాటి వెళ్ళాలి. మే నెల ఎండ. స్టీరింగ్ పట్టుకుంటే పెనం పట్టుకున్నట్టుండేది. ముందున్న ఆటోవాడు ఎడమవైపు లైటు వేసి, కుడికాలు బయటికి చాపి, తిన్నగా పోయేవాడు. ఆ మూడింట్లో ఏది నమ్మాలో ఆవిడకు ఏ రోజూ తెలియలేదు. స్కూటరు మీద పెద్దాయన పక్కసందులోంచి వస్తూ మొహం అటు తిప్పుకునేవాడు. తను చూడకపోతే ఎదుటి బండి లేనట్టేనని ఆయన నమ్మకం. ఒకాయనకు నడిరోడ్డు మీద ఫోనొస్తే అక్కడే ఆగి, వియ్యాలవారి క్షేమసమాచారాలు పూర్తిగా కనుక్కుని గానీ కదిలేవాడు కాదు. మామిడిపళ్ళ బండి కనిపిస్తే చాలు, కార్లు ఉన్నపళంగా ఆగిపోయేవి.

ఆ ఇరుకులో కూర్చుని సువర్చల తన ఆటనీ ఊరి ట్రాఫిక్‌నీ పోల్చుకునేది. బేస్‌బాల్లో రన్నర్ బేసు మీద కాలు పెట్టాడంటే ఇక అతన్ని ఎవరూ ముట్టుకోలేరు. కనకవరంలో జీబ్రా గీతల మీద కాలు పెట్టినవాణ్ణి ఎవరైనా ముట్టుకోవచ్చు, బస్సుతో సహా. బేస్‌బాల్‌కి గడియారం అక్కర్లేదు. గడియారస్తంభం సెంటర్లో గడియారం ఉంది, కానీ దానికి కూడా తొందర లేదు. ఎప్పుడో ఆగిపోయింది.

ఇలా ఉండగా పట్టణ రవాణా క్రమబద్ధీకరణ సంస్థకు చక్రధరం గారు సంచాలకులుగా వచ్చారు. ఎంత పని ఉన్నా చొక్కా నలగని మనిషి. వచ్చిన కొత్తలో ఆయన్ని వార్డు క్రికెట్ పోటీలకు ముఖ్య అతిథిగా పిలిచారు. అక్కడ ఆయన ఒక దృశ్యం చూశారు. ఊళ్ళో పేరుమోసిన కుర్రాడొకడు, ట్రాఫిక్ కానిస్టేబుల్ చేతిలోని విజిల్ లాక్కుని ఊదినవాడు, బ్యాటింగ్ చేస్తున్నాడు. బంతి వచ్చి ప్యాడ్‌కు తగిలింది. బక్కచిక్కిన అంపైర్ ఒకడు వేలెత్తాడు. ఒకే ఒక్క వేలు. కుర్రాడు ఒక్కమాట మాట్లాడలేదు. తల వంచుకుని బ్యాటు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

చక్రధరం గారు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదని వాళ్ళావిడ చెప్పింది. మర్నాడు విలేకరుల సమావేశం పెట్టి ఉత్తర్వు చదివారు.

"పట్టణ ప్రజలు చట్టమునకు కట్టుబడకున్నను ఆటకు కట్టుబడుచున్నారను విషయము సంస్థ దృష్టికి వచ్చినందున, ప్రజాహితము దృష్ట్యా, రాబోవు సోమవారము నుండి పట్టణమందలి సకల వాహన సంచారము క్రికెట్ నిబంధనలకు లోబడి జరుగవలెనని ఇందుమూలముగా ఆదేశించడమైనది."

"మరి సిగ్నల్ లైట్ల సంగతేంటి సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"అవి నేటి నుండి ఫ్లడ్‌లైట్లుగా పరిగణింపబడును," అన్నారు చక్రధరం గారు.

సోమవారం పొద్దున గడియారస్తంభం సెంటర్లో కానిస్టేబుల్ నూకరాజు తెల్ల కోటు, గుండ్రటి టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. విజిల్ తీసేసుకుని జేబులో ఆరు గులకరాళ్ళు పోశారు. ఒకవైపు నుంచి ఆరు బళ్ళు వదిలాక "ఓవర్" అని అరిచి రెండో వైపుకు తిరగాలి. ఓవర్ మారినప్పుడల్లా నాలుగు మూలలా ఉన్న కానిస్టేబుళ్ళు నిబంధన ప్రకారం మూలలు మారాలి. వాళ్ళు నడిరోడ్డు మీదుగా ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు నడిచి వెళ్ళేదాకా ఊరంతా ఆగాలి. పాత ఆకాశవాణి గొంతు ఉన్న పెద్దాయన ఒకాయన్ని తెచ్చి మైకు ముందు కూర్చోబెట్టారు. "గడియారస్తంభం ఎండ్ నుంచి ఆటో. చక్కని లైన్, చక్కని లెంగ్త్. కానీ ముగ్గురు ఎక్కాల్సిన చోట తొమ్మిదిమంది ఉన్నారు," అని ఆయన వ్యాఖ్యానం ఊరంతా వినబడేది.

మొదటి రోజు నిజంగానే అంతా బాగా జరిగింది. అసలు చిక్కంతా అందులోనే ఉంది. గీత దాటితే నోబాల్, ఎదుటివైపు బండికి ఫ్రీ హిట్. ఫ్రీ హిట్ వచ్చిన బండి ఎటునుంచి ఎటైనా పోవచ్చు, ఏం చేసినా అవుట్ కాదు. దాంతో జనం ఎవరూ గీత దాటకుండా, ఎదుటివాళ్ళ చేత దాటించడానికి తాపత్రయపడ్డారు. "రండి బావగారూ, ఇంకాస్త ముందుకి. మీ బండికేంటండీ, చాలా చోటుంది," అని అవతలి ఒడ్డు నుంచి మర్యాదగా పిలిచేవారు. కనకవరంలో అంతటి మర్యాద ఎవరూ ఎన్నడూ ఎరగరు.

మంగళవారం సువర్చల అవుటైంది.

గీతకు ఇవతల జాగ్రత్తగా ఆపింది. పక్కబండివాళ్ళు అప్పీలు చేశారు. నూకరాజు కాసేపు ఆలోచించి వేలెత్తాడు.

"నేనేం చేశాను నూకరాజూ?"

"ఎల్బీడబ్ల్యూ అండి మేడంగారూ. బండి తిన్నగా వికెట్ల మీదకి వచ్చేదేనండి. తమరి కాలు అడ్డం పడిపోయింది."

"కాలు ఎక్కడ అడ్డం పడింది?"

"బ్రేకు మీదండి."

"బ్రేకు తొక్కకపోతే నిన్ను గుద్దేసేదాన్ని కదయ్యా."

"అప్పుడది హిట్ వికెట్టండి," అన్నాడు నూకరాజు వినయంగా. "ఎలాగైనా అవుటేనండి. ఏమనుకోకండి."

అవుటైనవాళ్ళు పెవిలియన్‌కు పోవాలి. పెవిలియన్ అంటే ఎవరి ఇల్లు వాళ్ళకేనని అప్పటికి అనుకున్నారు. సువర్చల వ్యాను వెనక్కి తిప్పుకుని ఇంటికొచ్చింది. ప్రధానోపాధ్యాయిని డోర్కాస్ గారికి ఫోన్ చేసి, సెలవుల శిక్షణకు రాలేకపోతున్నానని, ఎల్బీడబ్ల్యూ అయిందని చెప్పింది. డోర్కాస్ గారు స్కూల్లో చీమ చిటుక్కుమన్నా ఊరుకునే రకం కాదు. కానీ ఆ మాట వినగానే గొంతు మెత్తబడింది.

"అయ్యో పాపం. ఫ్రంట్‌ఫుట్ మీదకి రావాల్సింది సువర్చలా," అంది.

ఊరంతా అలాగే అయిపోయింది. పళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తప్పినవాళ్ళు రన్ అవుట్ అని చెప్పుకున్నారు. తీర్పు నచ్చనివాళ్ళు రెండు చేతులూ అడ్డంగా నిలువుగా పెట్టి రివ్యూ అడిగేవారు. రివ్యూ సంస్థ ఆఫీసులో మేడ మీద గదికి పోయేది. అక్కడ సూపరింటెండెంట్ విశ్వపతి గారు థర్డ్ అంపైర్. ఆయన కెమెరా బొమ్మను ముందుకీ వెనక్కీ తిప్పి, చక్రం ఎక్కడ పడిందో, పడకపోతే ఎక్కడ పడి ఉండేదో చూసి, భోజనానంతరం తీర్పు చెప్పేవారు. అంతవరకూ కూడలి ఆగేది. కూడలి ఎలాగూ ఆగింది కదా అని దాన్నే వ్యూహాత్మక విరామంగా ప్రకటించారు. విరామంలో బళ్ళవాళ్ళకు మజ్జిగ పోశారు. మజ్జిగ పోస్తున్నారని తెలిసి పని లేనివాళ్ళు కూడా బళ్ళు వేసుకుని రావడం మొదలుపెట్టారు.

క్రికెట్ ప్రియుడు భాస్కరానికి మొదట్లో ఇదంతా పండగలా ఉండేది. అప్పీలు చేయడానికే సాయంత్రం పూట సెంటర్ దాకా నడిచి వెళ్ళేవాడు. అలాంటి భాస్కరం రాజమండ్రిలో మేనత్త మనవడి బారసాలకు పెట్టె పట్టుకుని రైల్వేస్టేషన్‌కు బయల్దేరిన రోజున ఉరుములతో వాన పడింది. ఆటోను మార్కెట్ దగ్గర ఆపేశారు.

"వానవల్ల మీ లక్ష్యాన్ని సవరించారండి," అని అక్కడి కానిస్టేబుల్ ఒక కాగితం చూసి చెప్పాడు. "కూరగాయల మార్కెట్ దాకా వస్తే చాలండి. మీరు స్టేషన్ చేరినట్టే లెక్క."

"చేరినట్టు లెక్కయితే మరి రైలేదయ్యా?"

"రైల్వేవారిది వేరే బోర్డండి."

భాస్కరం ఆ రోజు వానలో వంకాయల బుట్టల మధ్య పెట్టె మీద కూర్చుని, తను గెలిచాడో ఓడాడో తేల్చుకోలేకపోయాడు. ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ, "మీ ఆటలో వానొస్తే ఏం చేస్తారే?" అని అడిగాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన బేస్‌బాల్ గురించి అడిగిన మొదటి ప్రశ్న అది.

"తగ్గేదాకా ఆగుతారండీ," అంది సువర్చల.

"అంతేనా," అన్నాడు భాస్కరం, ఎంతో అసూయగా.

ఇంతలో సంస్థకు మరో సమస్య ఎదురైంది. అవుటైతే ఇంటికి పంపుతున్నారు కదా. ఆఫీసు నుంచి ఇంటికి పోయేవాళ్ళు సాయంత్రం పనిగట్టుకుని అవుటవుతున్నారు. అవుటైన బ్యాట్స్‌మన్ మైదానంలో తచ్చాడకూడదు కాబట్టి వాళ్ళకు ముందు మోటారుసైకిలు పెట్టి దారి తెరిపించి మరీ పంపాల్సి వచ్చేది. దర్జాగా సైరన్ మోగించుకుంటూ ఇళ్ళకు పోతున్నారు. చక్రధరం గారు వెంటనే వివరణ జారీ చేశారు.

"పెవిలియన్ అనగా గృహము కాదు. పెవిలియన్ అనగా పెవిలియనే. పట్టణమందు అట్టిది మునిసిపల్ స్టేడియమునందు ఒక్కటే కలదు. అవుటైన వాహనమును, అందలి సమస్త ప్రయాణికులతో సహా, తక్షణము అచ్చటికి తరలించవలెను. వారు నాటి ఆట ముగియువరకు అచ్చటనే ఆసీనులై ఉండవలెను."

ఆ రోజు నుంచి స్టేడియం మెట్ల మీద జనం పోగవసాగారు. టిఫిన్ క్యారియర్లతో గుమాస్తాలు, అల్లుడి ఇంటికి ఆవకాయ జాడీ తీసుకెళ్తున్న అత్తగారు, తాళి మూడో ముడికి అందుకోవాల్సిన సన్నాయి మేళం. సన్నాయివాళ్ళు ఊరుకోలేక అక్కడే వాయించేవారు.

ఈ గొడవల మధ్యే సువర్చల పిల్లలు రాష్ట్ర పోటీల్లో ఫైనల్స్‌కు చేరారు. అంతకుముందు కనకవరం ఆడపిల్లలు ఏ ఆటలోనూ జిల్లా దాటింది లేదు. మ్యాచ్ కనకవరంలోనే, స్టేడియంలోనే. అవతలి జట్టు రెండు రోజుల ముందే వచ్చి స్టేడియం పక్క హాస్టల్లో దిగింది. టైముకు రాకపోతే ఆడకుండానే ఓడినట్టు. జట్టుకు బంతి విసిరే పిచర్ మెహరున్నీసా ఆ వారమంతా దిండు కింద బంతి పెట్టుకుని పడుకుందని వాళ్ళమ్మ చెప్పింది. చేపల మార్కెట్లో తల్లికి సాయం చేసే పైడితల్లి, ఊళ్ళో అందరికంటే వేగంగా పరిగెత్తే పిల్ల, మొదటిసారిగా బూట్లకు తెల్లరంగు వేసుకుంది.

ఫైనల్స్ రోజున సువర్చల చీకటితోనే బయల్దేరి పిల్లలందరినీ ఎక్కించుకుంది. అయినా గడియారస్తంభం సెంటర్లో ఆగిపోయింది. తీర్పు ఒకటి రివ్యూలో ఉంది. విశ్వపతి గారు ఇంకా ఆఫీసుకు రాలేదు. ఎండ ఎక్కుతోంది. వ్యానులో ఎవరూ మాట్లాడటం లేదు. దానికే ఆవిడకు భయం వేసింది. ఆ పిల్లలు మాట్లాడకుండా ఉండటం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"నడిచి వెళ్దామా మేడం?" అంది పైడితల్లి.

"పాదచారులు పిచ్ మీద తొక్కకూడదట. నిన్న కొత్త ఆర్డర్ వేశారు," అంది మెహరున్నీసా.

సువర్చల స్టీరింగ్ మీద గడ్డం ఆనించి ఆలోచించింది. ముందుకు పోయే దారి లేదు. ఈ ఊళ్ళో ఇవాళ సైరన్ మోగించుకుంటూ స్టేడియానికి పోతున్నవాళ్ళు ఎవరు? అవుటైనవాళ్ళు. ఆవిడ తల ఎత్తింది.

"పిల్లలూ, మనం అవుటవ్వాలి," అంది.

గేరు వేసి వ్యానును గీత మీదకు ఉరికించింది. నూకరాజు చెయ్యి పక్కకు చాపాడు. "నోబాలండి. దీనికి అవుట్ ఉండదండి." వెనక్కి తీసి, మళ్ళీ ముందుకొచ్చి, అతని ముందు బ్రేకు తొక్కింది. "ఇవాళ కాలు లైనుకి బయట పడిందండి. నాటౌట్." పిల్లలంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి గొంతు చించుకుని అప్పీలు చేశారు. నూకరాజు బాధగా తల అడ్డంగా ఊపాడు.

"సొంత జట్టోళ్ళు అప్పీలు చేస్తే చెల్లదండి మేడంగారూ. ఆయ్, తమరి మీద గౌరవం కొద్దీ చెప్తున్నానండి, ఈరోజు తమరిని ఎట్టి పరిస్థితుల్లోనూ అవుటివ్వనండి. పిల్లలకి ఫైనల్సంట కదండి. నాకు తెలుసండి."

ఆ గౌరవానికి ఏం చేయాలో సువర్చలకు తోచలేదు. అప్పుడే వెనక్కి చూస్తే, తన వ్యాను వెనకే తెల్లకారులో చక్రధరం గారు కూర్చుని ఉన్నారు. ఫైనల్స్‌కు ఆయనే ముఖ్య అతిథి. సువర్చల దిగి వెళ్ళి అద్దం తట్టింది.

"అయ్యా, మీరూ అక్కడికే, నేనూ అక్కడికే. ఒక్కసారి దారి ఇప్పించండి. పిల్లలు ఆడకుండా ఓడిపోతారు."

"నిబంధనను సడలించినచో ఆట యొక్క ఆత్మ గాయపడుతుందమ్మా," అన్నారు చక్రధరం గారు. "నన్ను చూడండి. నేనూ ఆగి ఉన్నాను."

"మీరు లేటైనా ఎవరూ ఏమీ అనరు కదండీ."

"నిజమే. ముఖ్య అతిథి ఆలస్యముగా విచ్చేయుట సంప్రదాయం."

"పోనీ, నేను అవుటయ్యే మార్గమేదైనా చెప్పండి. మీకు రూల్సన్నీ కంఠస్థం అంటారు."

ఆ మాటకు చక్రధరం గారి ముఖం విప్పారింది. ఇన్నాళ్ళకు ఒక పౌరురాలు నిబంధనల గురించి ఆసక్తిగా అడిగింది. బౌల్డ్, క్యాచ్, స్టంపింగ్, అన్నీ వివరించారు. "చివరగా టైమ్డ్ అవుట్ అని ఒకటున్నది. పిలిచిన పిదప రెండు నిమిషములలో ఆటకు సిద్ధపడని బ్యాట్స్‌మన్ అవుట్. అయితే అది మన పట్టణమునకు వర్తించదు. పొమ్మన్న తరువాత పోకుండా నిలిచిన వాహనము కనకవరం చరిత్రలోనే లేదు."

సువర్చల ఆయనకు దణ్ణం పెట్టి వచ్చి వ్యానులో కూర్చుంది.

విశ్వపతి గారు ఆఫీసుకొచ్చారు కాబోలు, రివ్యూ తేలింది. నూకరాజు ఉత్సాహంగా వ్యాను వైపు తిరిగి, "రండి మేడంగారూ, ఓవర్లో ఆఖరి బంతి తమరిదేనండి. వచ్చేయండి," అని చెయ్యి ఊపాడు. ఎదురుగా రోడ్డు ఖాళీగా ఉంది. అంత ఖాళీ రోడ్డు సువర్చల ఆ సెంటర్లో జన్మలో చూడలేదు. దాని మీద పోతే అవతల మళ్ళీ మూడు కూడళ్ళు తగులుతాయి. ఆవిడ తాళం తిప్పి ఇంజన్ ఆపేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఇరవయ్యేళ్ళుగా బండి నడిపిన కాలు. దానంతటదే క్లచ్ మీదకు పోయింది. రెండో కాలితో దాన్ని తొక్కిపట్టుకుంది. నూకరాజు మళ్ళీ చెయ్యి ఊపాడు. తర్వాత రెండు చేతులూ ఊపాడు. "మేడంగారూ, ఖాళీనండి, రండి," అని బతిమాలాడు. మైకులో పెద్దాయన గొంతు, "శ్రోతలారా, దారి ఉన్నా కదలని వాహనాన్ని మనం చూస్తున్నాం," అని వణికింది. వెనక హారన్లు మొదలయ్యాయి. ముందు ఒకటి, తర్వాత పది, తర్వాత లారీలు, బస్సులు, చివరికి ఐస్‌క్రీం బండి గంట కూడా. ఊరంతా ఏకమై అప్పీలు చేసింది.

నూకరాజు ఆ మోతలో వాచీ చూసుకున్నాడు. ఆవిడ మొహం చూశాడు. సువర్చల చిన్నగా తల ఊపింది. అప్పుడతనికి అర్థమైంది. గట్టిగా, బారుగా, ఆనందంగా వేలెత్తాడు.

"బండీ, బండిలో ఉన్న పిల్లలూ అందరూ అవుటండి," అని అరిచాడు. "పెవిలియన్‌కి తీసుకుపోండి."

సైరన్ మోగింది. మోటారుసైకిలు ముందు, వ్యాను వెనక. మూడు కూడళ్ళూ చేతులు కట్టుకుని దారిచ్చాయి. పిల్లలు కిటికీల్లోంచి సగం బయటికి వచ్చి కేకలు వేశారు. అవుటైనందుకు అంత సంబరపడ్డ జట్టును ఎవరూ చూసి ఉండరు. అత్తగారు కోడలి మీద చెప్పుకునే మాటలాగా మైకాయన ఆ విడ్డూరాన్ని ఊరంతా చెప్పుకుంటూ పోయాడు.

వెనక గడియారస్తంభం దగ్గర ఓవర్ ముగిసింది. తర్వాతి ఓవర్ అవతలి ఎండ్ నుంచి. చక్రధరం గారి డ్రైవరు, సైరన్ వెనక పోవచ్చు కదా అని కారును మెల్లగా ముందుకు కదిపాడు. సగం దూరం వెళ్ళాక అటూ కాక ఇటూ కాక నడిమధ్యలో చిక్కింది. నాలుగు వైపులా అప్పీలు లేచింది. నూకరాజు చెయ్యి పైకీ కిందకీ ఊగింది, వేలు సగం లేచి ఆగింది. చక్రధరం గారు అద్దం దించి రివ్యూ కోరారు.

విశ్వపతి గారికి తెరమీద చక్రం మాత్రమే కనిపిస్తుంది. చక్రం ఎవరిదో కనబడదు. ఆయన పూర్తి న్యాయంగా అవుటిచ్చారు.

నూకరాజు వేలు పూర్తిగా పైకి లేచింది. చక్రధరం గారు ఆ వేలు వైపు చూశారు. బక్కచిక్కిన వేలు. ఒకే ఒక్కటి. తల వంచుకుని, ఫైలు చంకలో పెట్టుకుని కారులో వెనక్కి ఆనుకున్నారు. ఆ తల వంచడం చూసి నూకరాజు కళ్ళు తుడుచుకున్నాడట.

స్టేడియం మెట్లు కిటకిటలాడుతున్నాయి. ఎప్పుడూ పిల్లల తల్లులు తప్ప ఎవరూ చూడని ఆటకు ఆ రోజు అవుటైన ఊరంతా ప్రేక్షకులు. వాళ్ళకు ఆట తెలియదు. నాలుగో బంతికి బ్యాట్స్‌వుమన్ బ్యాటు నేల మీద పడేసి పరిగెత్తితే కోపమొచ్చిందేమో అనుకున్నారు. అయినా సాయంత్రం దాకా కదలడానికి వీల్లేదు కాబట్టి తెలుసుకోవడం మొదలుపెట్టారు. ఆ రోజు మళ్ళీ అవుటై వచ్చిన ఆవకాయ అత్తగారు అందరికంటే ముందు పట్టేసింది. "బేసు మీద కాలున్నంతసేపూ ఎవత్తీ ఏం చెయ్యలేదు. కాలు తీసిందా, అయిపోయింది. మా ఇంట్లో వంటగది లాంటిదే," అని పక్కవాళ్ళకు చెప్పింది. సన్నాయివాళ్ళు ప్రతి బంతికీ ఒక ముక్క వాయించారు. చక్రధరం గారిని నిర్వాహకులు వేదిక మీదకు పిలిస్తే, అవుటైనవాడు వేదిక మీద కూర్చోరాదని తన ఉత్తర్వులోనే ఉందని గుర్తుచేసి, మెట్ల మీద టిఫిన్ క్యారియర్ల మధ్య కూర్చున్నారు.

ఆఖరి ఇన్నింగ్స్. రెండు జట్లూ సమానం. మూడో బేసు మీద పైడితల్లి. మెహరున్నీసా బ్యాటుకు బంతి అంచున తగిలి నేల మీద దొర్లింది. పైడితల్లి పరుగందుకుంది. ఎదుట జట్టు పిల్ల బంతి తీసి విసిరింది. హోమ్ బేసు దగ్గరున్న క్యాచర్ గ్లవ్‌లో చప్పుడైంది. పైడితల్లి నేలమీద పడి జారుకుంటూ వచ్చింది. ఎర్రటి దుమ్ము లేచి ఇద్దరినీ కప్పేసింది.

ఊరంతా లేచి నిలబడింది. నెలరోజులుగా వేళ్ళు తప్ప ఏమీ చూడని ఊరు. దుమ్ములోంచి అంపైర్ లేచాడు. వేలెత్తలేదు. రెండు చేతులూ భుజాలకు తిన్నగా, బార్లా చాపాడు.

"వైడు," అన్నాడు భాస్కరం నిరాశగా. ఆయన కూడా పొద్దున అవుటై అక్కడే ఉన్నాడు.

చక్రధరం గారు కంచె మీదుగా వంగి, కింద నిలబడ్డ సువర్చలను అడిగారు. "అమ్మా, ఆ సంజ్ఞకు అర్థమేమి?"

సువర్చల పైడితల్లి మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది. "సేఫ్ అని అండీ. ఆఖరి బేసుని మా ఆటలో హోమ్ అంటారు, ఇల్లన్నమాట. క్షేమంగా ఇల్లు చేరింది అని. గెలిచాం."

"అంపైర్లకు," అన్నారు చక్రధరం గారు నెమ్మదిగా, "మనిషి ఇల్లు చేరాడని చెప్పేందుకు కూడా ఒక సంజ్ఞ ఉన్నదన్నమాట."

మెట్ల మీద కేకలు అప్పటికి మైదానంలోకి దూకాయి. పైడితల్లి బూట్ల మీద తెల్లరంగు ఆనవాలు కూడా లేదు. సన్నాయివాళ్ళు తాళి కట్టేటప్పటి గట్టిమేళం అందుకున్నారు, అవుటైనందువల్ల పెళ్ళిలో వాయించకుండా మిగిలిపోయినదే.

ఆ ఉత్తర్వు తర్వాతి వారం రద్దయింది. ఆ సాయంత్రానికి మాత్రం అమల్లోనే ఉంది. ఆట ముగిసింది కాబట్టి అవుటైన బళ్ళన్నీ ఒకేసారి స్టేడియం గేటు దగ్గరకు వచ్చి ఇరుక్కున్నాయి. నూకరాజు గులకరాళ్ళు చేతిలో పోసుకుని, "ఏ ఎండ్ నుంచి మొదలెట్టమంటారండి?" అని సంచాలకుల్ని అడిగాడు.

చక్రధరం గారు ఫైలు నూకరాజు చేతికిచ్చి, గేటు మధ్యలోకి నడిచారు. నలగని చొక్కా చెమటకు ఒంటికి అంటుకుంది. మొదటి స్కూటరు దగ్గరకు రాగానే రెండు చేతులూ బార్లా చాపారు. తర్వాతి కారుకీ చాపారు. ఆటోకీ, ఆవకాయ జాడీకీ, సన్నాయి మేళానికీ, సువర్చల వ్యానుకీ. ఒక్కో బండికీ ఆగి, కళ్ళలోకి చూసి, చేతులు చాపి, మనస్ఫూర్తిగా ఇంటికి పంపారు.

సేఫ్ అంటే ఏమిటో మెట్ల మీద విన్నవాళ్ళు తిన్నగా ఇళ్ళకు పోయారు. విననివాళ్ళు సంచాలకులు గారు ఒక్కొక్క బండికీ వైడు ఇస్తున్నారనుకుని, ఎక్స్‌ట్రా పరుగు ఊరికే ఎందుకు పోనివ్వాలని, స్టేడియం చుట్టూ ఇంకో రౌండు వేసి మళ్ళీ గేటు దగ్గరకు వచ్చారు.